అప్‌డేట్: హనుమకొండ నుంచి కాజీపేటకు రాత్రి సిటీ బస్సు కోసం ఏం చేయాలని అడిగాను కదా

అర్జీ మీద ఉత్త సంతకాలు చాలవని మీరు చెప్పారు కదా, అందుకే వాటితో ఆగలేదు. ఎవరు ఎన్ని గంటలకు, ఏ స్టాపులో ఎక్కుతారో కూడా రాయించాం. బట్టల షాపుల్లో పనిచేసే అక్కలే ఎక్కువమంది రాశారు. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం, జీరో టికెట్ ఇస్తారు. కానీ షాపు మూసే వేళకు బస్సే లేకపోతే ఆ టికెట్ ఏం చేసుకోవాలి? వాళ్ళ కూలిలో కొంత రోజూ ఆటోకే పోతోంది. ఇది నాకు చాలా బాధగా ఉంది.

ఆర్టీసీ డిపోలో అర్జీ తీసుకున్నారు. బస్సులు, డ్రైవర్లు తక్కువన్నారు. కొత్త బస్సులు కొనడం డిపో చేతిలో ఉండదు, పైన ఆర్టీసీ, ప్రభుత్వం చూడాలి. అందుకే ఎమ్మెల్యేకు కూడా ఒక కాపీ ఇచ్చాం. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్తున్నాం. సుబేదారి, కాజీపేట వైపు వాళ్ళు తప్పకుండా రండి, మీ టైమింగ్స్ కూడా రాసుకొని తెండి.