కిల్ట్ మీదకు మేజోళ్ళు ఏ రంగు? ‘ఏన్షెంట్’ని తెలుగులో ఏమనాలి?

అడిగినవారు: మా అన్నయ్య కూతురి పెళ్ళి ఎడిన్‌బరోలో. అబ్బాయిది స్కాట్లండ్. మన వైపు మగవాళ్ళు కూడా కిల్ట్ (అక్కడి మగవాళ్ళు నడుముకి చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చిళ్ళ గళ్ళ బట్ట) కట్టుకుంటే బాగుంటుందని వాళ్ళు అడిగితే మావాళ్ళు ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు. లుంగీ కట్టినవాడికి ఇదో లెక్కా అని మా బావగారి ధీమా. అద్దెకిచ్చే దుకాణం వాళ్ళు పంపిన కాగితంలో ‘గోర్డన్ టార్టన్, ఏన్షెంట్’ అని ఉంది. (టార్టన్ అంటే కిల్ట్ కుట్టే గళ్ళ బట్ట, గోర్డన్ అందులో ఒక రకం పేరు.) మేజోళ్ళు, ఫ్లాషెస్, టై రంగులు మమ్మల్నే చెప్పమన్నారు. పెద్దవాళ్ళ కోసం దీన్ని తెలుగులో రాస్తూ రెండు చోట్ల ఆగిపోయాను. ‘ప్రాచీన’ అని రాస్తే “పాత బట్టలు అంటగడుతున్నారా?” అని మా బాబాయి అడిగారు. రెండోది, బట్టలో ఉన్న ఒక రంగునే తీసుకుని మిగతా వాటికి వాడమని చెప్పడానికి పొట్టి మాట కావాలి. మ్యాచింగ్ అంటే సరిపోతుందా?

హైదరాబాద్ సభ్యుడు: మ్యాచింగ్ అనే రాసెయ్యండి. మ్యాచింగ్ సెంటర్ బోర్డు చూడని తెలుగువాళ్ళు ఉన్నారా? ఏన్షెంట్‌కి ‘పురాతన వర్ణాలు’ గంభీరంగా ఉంటుంది.

గ్లాస్గో సభ్యుడు: గంభీరంగానే ఉంటుంది గానీ అర్థం తప్పుతుందండీ. టార్టన్ రంగుల్లో ‘ఏన్షెంట్’ కన్నా ‘మోడర్న్’ పాతది. 1856లో పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త మొదటి కృత్రిమ అద్దకం రంగు కనిపెట్టాక, ఆ శతాబ్దం ద్వితీయార్ధంలో రసాయన రంగులు మిల్లుల్లోకి వచ్చాయి. వాటితో చిక్కటి నీలం, దాదాపు నలుపనిపించే ఆకుపచ్చ, రక్తం లాంటి ఎరుపు సాధ్యమయ్యాయి. ఆ గాఢమైన వరసని ఇప్పుడు మోడర్న్ అంటున్నారు. చెట్లు, నాచుల నుంచి తీసిన పాతకాలపు రంగుల్లా మెత్తగా కనబడాలని 20వ శతాబ్దంలో మిల్లులు లేత వరస ఒకటి తెచ్చి దానికి ఏన్షెంట్ అని పేరు పెట్టాయి. ‘వెదర్డ్’ అని ఇంకోటి ఉంది. ఎండకీ వానకీ గురై, లేదా బురదనేలలో ఏళ్ళ తరబడి కూరుకుపోయి బయటపడిన బట్టలా ఉంటుంది. అందులో ఆకుపచ్చ మట్టిరంగులోకి, నీలం బూడిదలోకి దిగిపోతాయి. గళ్ళ లెక్క మాత్రం అన్నిటిలోనూ ఒకటే.

రంగులు ఎంచేటప్పుడు చాలామంది జారేది ఇక్కడే. “గోర్డన్‌లో నీలం ఉంది కదా” అని నేవీ బ్లూ మేజోళ్ళు తెప్పించుకుంటారు. మోడర్న్ గోర్డన్ మీదకు అవి అందంగా ఉంటాయి. ఏన్షెంట్ గోర్డన్‌లో నీలం ఆకాశం వైపు తేలిపోతుంది కాబట్టి, దాని కింద నేవీ మేజోళ్ళు వేరే ఎవరివో అడిగి తెచ్చుకున్నట్టు కనిపిస్తాయి. ముందు వరస తెలుసుకోవాలి, రంగు తర్వాత. అందుకే నా ఓటు: మోడర్న్ ‘ముదురు’, ఏన్షెంట్ ‘లేత’, వెదర్డ్ ‘వెలిసిన’.

చీరాల సభ్యురాలు: లేత, ముదురు బాగున్నాయి. ‘వెలిసిన’ వద్దు. మా ఇంట్లో మగ్గం ఉండేది. బట్ట వెలిసిందంటే రంగు నిలవలేదని అర్థం, కొన్నవాళ్ళు పోట్లాటకి వస్తారు. దానికి ‘మట్టిరంగుల వరస’ అనండి, బాబాయిగారికి అనుమానం రాదు.

మ్యాచింగ్ మీద నాకు ఇంకా పెద్ద అభ్యంతరం. మ్యాచింగ్ అనగానే మనవాళ్ళు చీరలో ఎక్కువ భాగం ఏ రంగో అదే వెతుకుతారు, లేదంటే పూర్తి కాంట్రాస్ట్‌కి పోతారు. మీరు చెప్పాలనుకుంటున్నది ఆ రెండూ కాదనుకుంటాను. పట్టుచీరకి జాకెట్టు ఎలా తీస్తాం? ఒళ్ళు వంకాయ రంగైనా అంచు మామిడిపండు రంగైతే జాకెట్టు ఆ అంచుని బట్టే కదా. టార్టన్‌కి అంచు ఉండదు గానీ సన్నగీత ఉంటుంది. దాన్ని ‘గీత రంగు’ అంటే చాలు.

గ్లాస్గో సభ్యుడు: ఆహా, ఆ మాట నాకు తట్టలేదు. గోర్డన్‌కి మరీ అతుకుతుంది. బ్లాక్ వాచ్ రెజిమెంటు వాడే నీలం, నలుపు, ఆకుపచ్చ గళ్ళ మీదే పసుపు గీత చేరిస్తే గోర్డన్ అయింది. 1794లో పుట్టిన గోర్డన్ హైలాండర్స్ రెజిమెంటు కట్టింది అదే. అదే పునాది మీద ఎరుపు, తెలుపు గీతలు చేరిస్తే మెకంజీ అనే ఇంకో టార్టన్. పునాది ఒకటే అయినప్పుడు ఏ టార్టనో చెప్పేది గీతే. ఫ్లాషెస్ గీత రంగువైతే దూరం నుంచి చూసినా గోర్డన్ అని పోల్చుకోవచ్చు. (ఫ్లాషెస్ అంటే మోకాలి కింద మేజోడు మడతలోంచి బయటికి వేలాడే రిబ్బను ముక్కలు. దీనికి తెలుగు వెతకొద్దు, ఫ్లాషెస్ అనే ఉంచండి.)

చీరాల సభ్యురాలు: పడుగులోనూ పేకలోనూ రంగులు ఒకే వరసలో వస్తాయా?

గ్లాస్గో సభ్యుడు: ఎక్కువ టార్టన్లలో అంతేనండీ. రంగుల వరస రెండు వైపులా ఒకటే. నీలం పడుగు మీద నీలం పేక పడ్డచోట అచ్చ నీలం, ఆకుపచ్చ పేక పడ్డచోట రెండూ కలిసిన ఛాయ. గోర్డన్‌లో నాలుగు రంగుల నూలుకి నాలుగు అచ్చ రంగులు, ఆరు కలగలుపులు, మొత్తం పది ఛాయలు. కంటికి అన్ని ఛాయలు అందుతుండగా పక్కన ఇంకో కొత్త రంగు పెడితే గోల గోలగా ఉంటుంది. టై సాదాగా ఉండాలని అందుకే అంటారు. కిల్ట్‌దీ టైదీ ఒకే టార్టన్ వేసుకునేవాళ్ళూ ఉన్నారు, నాకైతే కర్టెన్ గుడ్డ మిగిలితే కుట్టించుకున్నట్టుంటుంది.

పసుపు బాగుందని టై, జేబురుమాలు, ఫ్లాషెస్ మూడూ పసుపు చేయకండి. ఒక చోట చాలు. మేజోళ్ళు కోటు ఛాయలోవో, గళ్ళలోని ఆకుపచ్చో. మీగడ రంగు మేజోళ్ళు అద్దె దుకాణాల్లో ఎక్కువగా అంటగడతారు, అడిగితే వేరేవి ఇస్తారు. తోలు విషయంలో బేరాల్లేవు. బెల్టు, బూట్లు, స్పారన్ (కిల్ట్ ముందు వేలాడే తోలు సంచి) అన్నీ నలుపు, లేదా అన్నీ గోధుమరంగు. సాయంత్రం విందుకి నలుపే. బకిల్, కిల్ట్ పిన్ను, కోటు గుండీలు వెండి రంగైతే వెండి రంగే.

మాస్టారు: స్పారన్‌కి ‘తిత్తి’ ఉంది కదా, డబ్బులు దాచుకునే తోలు తిత్తి. కాకపోతే మన వైపు గాలి ఊది వాయించే వాద్యాన్నీ తిత్తి అంటారు. ఎటూ ఆ పెళ్ళిలో బ్యాగ్‌పైప్ కూడా ఉంటుంది, గందరగోళం కావచ్చు.

అసలు చెప్పాలనుకున్నది వేరు. మీ కాగితంలో ‘పచ్చ మేజోళ్ళు’ అని రాయకండి. పచ్చకామెర్ల పచ్చ పసుపు, పచ్చని చేల పచ్చ ఆకుపచ్చ. మీ బాబాయి ఒకటి తెస్తారు, బావగారు ఇంకోటి. ఇది మన ఒక్కళ్ళ గొడవే కాదు. స్కాట్లండ్ గేలిక్‌లో ‘గోరమ్’ అంటే నీలమే, పచ్చగడ్డి రంగుకీ ఆ మాటే వాడతారు. ‘గ్లస్’ అనే మాట బూడిదకీ ఆకుపచ్చకీ మధ్య తిరుగుతుంది. ఎరుపుకి రెండు మాటలు: నిగనిగలాడే ఎరుపు ఒకటి, నక్క ఒంటి రంగు లాంటి ఎరుపు మరొకటి. వాళ్ళు రంగుల గురించి మాట్లాడుకునేటప్పుడు కూడా బట్టముక్క చూపించుకోవడం మేలు.

అడిగినవారు: చాలా థాంక్సండీ అందరికీ. ఇలా రాశాను, చూడండి. “గోర్డన్ టార్టన్, లేత వరస. కోటు బొగ్గు రంగు. మేజోళ్ళు లేత ఆకుపచ్చ, కిల్ట్ బట్టముక్క పక్కన పెట్టి చూసి తీసుకోవాలి. ఫ్లాషెస్ గీత రంగు, అంటే పసుపు. టై ఆకుపచ్చ, సాదా. బూట్లు, బెల్టు, స్పారన్ నలుపు. కుచ్చిళ్ళు వెనక్కి.” చివరిది బావగారి కోసం.

చీరాల సభ్యురాలు: కుచ్చిళ్ళు వెనక్కి అని రెండుసార్లు రాయండి.

అడిగినవారు: ఇంకొక్కటి. మేజోట్లో దోపుకునే చిన్న చాకు కూడా కాగితంలో ఉంది. పేరు ఎలా పలకాలి? ఇండియా నుంచి ఒకటి కొని తెస్తానంటున్నారు బావగారు.

గ్లాస్గో సభ్యుడు: స్కీయన్ డూ. ‘డూ’ అంటే నలుపు, పిడి నల్లదైతే మీ బూట్లకీ సరిపోతుంది. జాతీయ వేషంలో భాగంగా పెట్టుకుంటే స్కాట్లండ్ చట్టం ఒప్పుకుంటుంది గానీ విమానంలో చేతిసంచీలో పెడితే అక్కడే లాగేసుకుంటారు. అద్దె దుకాణం వాళ్ళే ఇస్తారు, తేవద్దనండి.