3,278 వికెట్లు, టెస్టు మాత్రం ఒక్కటే: ఎవరీ చార్లీ పార్కర్?

గల్లీస్పిన్నర్:
ఫస్ట్‌క్లాస్‌లో (టెస్టులు, కౌంటీ మ్యాచ్‌ల్లాంటివన్నీ కలిపి) ఎక్కువ వికెట్లు తీసినవాళ్ల లిస్టు చూస్తున్నా, పైన విల్‌ఫ్రెడ్ రోడ్స్, తర్వాత టిచ్ ఫ్రీమన్, ఈ ఇద్దరి పేర్లూ విన్నవే, మూడోది చార్లీ పార్కర్ అంట, ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌షైర్ కౌంటీ టీమ్, 3,278 వికెట్లు! టెస్టులెన్ని ఆడాడా అని చూస్తే ఒక్కటి, 1921లో ఆస్ట్రేలియా మీద మాంచెస్టర్‌లో. అందులోనూ 2 వికెట్లు తీశాడు. మళ్లీ ఎందుకు పిలవలేదు? తెలిసినవాళ్లు చెప్పండి బాసూ.

పాతస్కోర్‌కార్డు:
లెఫ్టార్మ్ స్పిన్నర్. 1903లోనే మొదలుపెట్టాడు గానీ మొదటి ప్రపంచయుద్ధానికి ముందు మీడియం పేస్ వేసేవాడు, పెద్ద పేరేం లేదు. యుద్ధం అయ్యాక 36 ఏళ్ల వయసులో స్పిన్‌కి మారాడు, ఇక 1920 నుంచి 1935 దాకా ఏ సీజన్‌లోనూ వంద వికెట్లకి తగ్గలేదు. అప్పట్లో మ్యాచ్ మొదలయ్యాక పిచ్ మీద కవర్లు కప్పేవాళ్లు కాదు, వానకి తడిసి ఎండకి ఆరుతుంటే బంతి గిర్రున తిరిగేది, అలాంటి పిచ్ దొరికితే ఇక ఈయన్ని ఆపేదెవరు. 1925లో ఎసెక్స్ మీద 56 పరుగులకి 17 వికెట్లు. 1922లో బ్రిస్టల్‌లో యార్క్‌షైర్‌తో తన బెనిఫిట్ మ్యాచ్‌లో (వసూళ్లు ఆ ఆటగాడికే ఇచ్చే మ్యాచ్) అయితే వరసగా ఐదు బంతులు స్టంప్స్‌కి తగిలాయి, రెండోది నోబాల్ అయిపోయింది ఖర్మ, అయినా తర్వాతి మూడింటితో హ్యాట్రిక్ పడింది.

లీడ్స్26:
అసలు సంగతి ఆస్ట్రేలియాతో 1926 లీడ్స్ టెస్టు. తడి పిచ్, పార్కర్ గ్రౌండ్‌లోనే ఉన్నాడు, ఇంగ్లండ్ కెప్టెన్ ఆర్థర్ కార్ ఆయన్ని పక్కనపెట్టి, పైగా టాస్ గెలిచి ఆస్ట్రేలియాకే బ్యాటింగ్ ఇచ్చాడు. ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ మకార్ట్‌నీ 2 దగ్గరున్నప్పుడు క్యాచ్ వదిలేసింది కూడా ఆ కార్ గారే. లంచ్‌లోపే సెంచరీ కొట్టేశాడు మకార్ట్‌నీ, మొత్తం 151. ఆ ఏడు సెలెక్టర్ల ఛైర్మన్ పెల్హమ్ వార్నర్. తర్వాత ఒకసారి బ్రిస్టల్‌లో హోటల్ లిఫ్ట్ దగ్గర పార్కర్ వార్నర్ కోటు కాలర్ పట్టుకున్నాడని టీమ్‌మేట్ సిన్‌ఫీల్డ్ చెప్పిన కథ ఉంది. పార్కర్ పెద్దవాళ్లకి తల వంచే రకం కాదు, అమెచ్యూర్ల (జీతం లేకుండా ఆడే పెద్దింటివాళ్ల) రాజ్యంలో జీతానికి ఆడే ప్రొఫెషనల్‌కి అంత నోరుంటే ఒప్పుకుంటారా.

మిడ్‌ఆఫ్:
నోరు ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను బ్రో. కిల్నర్, జాక్ వైట్, తర్వాత వెరిటీ, అందరూ ఇంగ్లండ్ లెఫ్టార్మ్ స్పిన్నర్లే, పైగా పార్కర్ బ్యాటింగ్ అంతంతమాత్రం. మన రాజిందర్ గోయెల్ సంగతి చూడు, రంజీలో 600 పైన వికెట్లు, బేడీ ఉన్నంతకాలం ఒక్క టెస్టూ దక్కలేదు.

లీడ్స్26:
పోటీ ఉందిలే, కాదనను. కానీ అదే 1926లో ఓవల్ టెస్టుకి 48 ఏళ్ల రోడ్స్‌ని వెతికి మరీ తెచ్చుకున్నారు కదా. 1930లో ఆస్ట్రేలియన్లు బ్రిస్టల్ వచ్చి గ్లోస్టర్‌షైర్ మీద 118 కొడితే గెలిచే మ్యాచ్‌లో 117కి ఆలౌటయి టై చేసుకున్నారు, 7 వికెట్లు పార్కర్‌వి, అప్పటికి ఆయనకి 47.