నాలుగేళ్ల పాపకు మొదటి స్కీ క్లాసు: ముందే తాడు కట్టి మనం నేర్పాలా?

మంచుపూలు: వచ్చే వారం మా పాపకు మొదటి స్కీ క్లాసు. దానికి ముందు రెండు రోజులు నడుముకు హార్నెస్ కట్టి, వెనక తాడు పట్టుకుని మనమే నేర్పుదామంటారు మావారు. నేరుగా క్లాసులో చేర్పిద్దామని నేను. మీరేమంటారు?

పాతకాపు: మీవారి మాటే సరైనది. మావాడికి నేనలాగే నేర్పాను. కన్నవాళ్లు పక్కనుంటేనే మంచు అంటే భయం పోతుంది.

వెన్నెల: నేను ఒప్పుకోను. వెనక నుంచి తాడు పట్టి ఉంచితే పిల్ల దాని మీదే వాలిపోతుంది. స్కీయింగ్‌లో బరువు ముందుకుండాలి. వెనక్కి వాలడం అలవాటైతే మాన్పించడం కష్టం. స్కీల ముందు కొనలు దగ్గరగా, వెనక కొనలు దూరంగా పెట్టి ఆగడం, అదే పిల్లలకు 'పిజ్జా' అని చెప్తారే, అది తన కాళ్లతో తనే తెలుసుకోవాలి. తాడే ఆపుతుంటే కాళ్లకు పనేముంది?

చలిమంట: ముందు రెండు జతల సాక్సులు వేయండి.

వెన్నెల: వద్దండీ. మడతలు పడతాయి, బూటు బిగుసుకుని రక్తం సరిగ్గా ఆడక కాళ్లు ఇంకా చల్లబడతాయి. మోకాలి దాకా వచ్చే పలుచని ఉన్ని సాక్సులు ఒక్క జత చాలు. కాటన్ అసలొద్దు, చెమటకు తడిస్తే ఆరదు.

చలిమంట: మా పిల్లకు రెండు జతలే వేశాం. ఏమీ కాలేదు. బూటు ఒక సైజు పెద్దది తీసుకుంటే సరి.

వెన్నెల: పెద్ద బూటులో మడమ పైకి లేస్తుంది, స్కీ మాట వినదు. ఎదిగే పిల్లలకు అద్దె బూట్లే మేలు. ముందురోజే తెచ్చి ఇంట్లో తివాచీ మీద పావుగంట నడిపించండి. చీలమండ వంగని బూటుతో నడవడమే పిల్లలకు మొదటి కష్టం. వేళ్ల గ్లవ్స్ కంటే మిటెన్స్, అంటే బొటనవేలు తప్ప మిగతా వేళ్లన్నీ ఒకే అరలో ఉండే గ్లవ్స్, వెచ్చగా ఉంటాయి, తనే తొడుక్కోగలదు. స్కీ కర్రలు కొనకండి, మొదట్లో వాటితో పని లేదు. 'చలేస్తోంది', 'బాత్రూమ్‌కి వెళ్లాలి' అని కొత్తవాళ్లకు చెప్పడం మాత్రం తప్పకుండా నేర్పండి.

తెల్లకాగితం: మబ్బు పట్టినా సన్‌స్క్రీన్ రాయండి. తాజా మంచు అల్ట్రావయొలెట్ కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది. గాగుల్స్ కూడా తప్పనిసరి.

పాతకాపు: సాక్సుల గొడవ ఆపండి. తాడు లాగడానికి కాదు, వేగం పెరిగితే పట్టుకోవడానికి.

వెన్నెల: మొదటి రోజు దాదాపు చదునుగా ఉన్న చోటే నేర్పుతారు. అక్కడ వేగమెక్కడిది? మీ భయానికి పిల్లకు తాడు కడతారా?

పాతకాపు: అవును, భయమే. మావాణ్ణి మొదట క్లాసుకే పంపాను. మిటెన్ తడిసిందని, చలేస్తోందని వాడు చెప్పాడండీ. ఎవరూ పట్టించుకోలేదు. తల్లిదండ్రులు కనబడితే పిల్లలు నేర్చుకోరన్నారని నేను కంచె అవతల వీపు తిప్పి నిలబడ్డాను. వాడి ఏడుపు వినబడుతూనే ఉంది. క్లాసు అయ్యేసరికి వేళ్లు తెల్లగా పాలిపోయాయి. మర్నాడే హార్నెస్ కొన్నాను. మీరు వెనక్కి వాలడం గురించి మాట్లాడుతున్నారు. నాకు కావలసింది వాడు ఏడిస్తే అందేంత దూరంలో ఉండడం.

వెన్నెల: తెలియక మాట తూలాను, క్షమించండి. కానీ ఆ తప్పు ఆ క్లాసుది. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది పిల్లలు, ఏడిస్తే ఎంతసేపట్లో ఫోన్ చేస్తారు, తడిస్తే మార్చడానికి ఇంకో జత మిటెన్స్ ఎవరి దగ్గర ఉంటాయి, ఇవన్నీ ముందే అడగాలి.

పాతకాపు: అడిగాను. ఫోన్ చేస్తామనే చెప్పారు.

మంచుపూలు: ఇది చదివి మావారిని అడిగాను, అసలు తాడెందుకని. 'ఏడిస్తే ఎవరెత్తుకుంటారు?' అన్నారు. ఇన్ని రోజులూ మేం తాడు గురించే వాదించుకున్నాం. తాడు కట్టం. తక్కువమంది పిల్లలున్న గంట క్లాసు చూస్తాను. ఇంకో జత మిటెన్స్ పాప జేబులోనే పెడతాను. మేం ఎక్కడ నిలబడాలో మాత్రం తేలలేదు.

వెన్నెల: కంచె దగ్గర వద్దండీ, పాప మీ వైపే చూస్తుంది. కాస్త దూరంగా, మీకు తను కనిపించేచోట ఉండండి.

పాతకాపు: నేనైతే కంచె దగ్గరే ఉంటాను.