ఇంటి దగ్గర అమికాసిన్ సూదులు: కిడ్నీ పరీక్ష లేకుండా వేయించవచ్చా?

నాగావళి: మా నాన్నగారికి 68 ఏళ్లు, మూత్రంలో ఇన్ఫెక్షన్. రోజుకొకటి చొప్పున 7 అమికాసిన్ (యాంటీబయాటిక్) సూదులు చీటీలో రాసి ఇంటికి పంపారు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు వేస్తానన్నారు. కిడ్నీ పరీక్ష మాటెత్తితే, అవసరం లేదు, ఏళ్ల తరబడి అదే జాతి మందు జెంటామైసిన్ వేస్తున్నానన్నారు. ఏం చేయాలి?

కృష్ణాతీరం: క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా ఒక్క సూది కూడా వద్దు. ఈ మందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. మామూలు లెక్క ఒంటి బరువులో కిలోకు రోజుకు 15 మిల్లీగ్రాములు. అది కిడ్నీలు బాగున్నవారికి. బలహీనంగా ఉంటే మందు ఒంట్లోనే నిలిచిపోతుంది, సూదికీ సూదికీ మధ్య ఎడం పెంచాలి. అదే పూట నొప్పికని డైక్లోఫెనాక్ సూది అసలే వేయించకండి, అదీ కిడ్నీల మీద పడేదే.

మందులషాపు: పరీక్ష కోసం పట్నం పోయి వచ్చేలోగా జ్వరం ముదిరితే? పెద్దాసుపత్రికి తీసుకెళ్లలేని పసికందులకు ఏఎన్ఎంలే జెంటామైసిన్ వేయవచ్చని కేంద్ర ప్రభుత్వమే 2014లో చెప్పింది. అక్కడ క్రియాటినిన్ ఎవరు చూశారు?

కృష్ణాతీరం: అది రెండు నెలలలోపు బిడ్డలకు, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, బరువు తూచి వేసేది. 68 ఏళ్ల మనిషికి ఆ నియమం ఎలా వర్తిస్తుంది?

పాలపిట్ట: చెవులకు కూడా ముప్పేనా?

కృష్ణాతీరం: మా అమ్మనే చూశాను. మొండి క్షయకు నెలల తరబడి ఇదే జాతి సూది కనామైసిన్ వేశారు. ఫోను మోగితే వినబడేది కాదు, ఎదురుగా మాట్లాడితే మాత్రం జవాబిచ్చేది. అందుకే మాకు అనుమానం రాలేదు. ముందు పోయేది కీచుమనే సన్నని ధ్వనులే. పోయిన వినికిడి తిరిగి రాలేదు. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సూదిని క్షయ చికిత్సలో ఇక వాడవద్దంది. అప్పటికే మా అమ్మకు జరగాల్సిన నష్టం జరిగిపోయింది.

మందులషాపు: అది నెలల మాట. ఇది 7 రోజులు.

కృష్ణాతీరం: కిడ్నీ దెబ్బ సాధారణంగా బయటపడేదే 5 నుంచి 7 రోజులకు! అది చాలామందిలో కోలుకుంటుంది, చెవి కోలుకోదు. తల్లి వైపు వారిలో ఇలాంటి సూదులతో చెవుడు వచ్చినవారుంటే నాలుగు రోజులు కూడా ప్రమాదమే.

వార్డు నర్సు: ఇద్దరికీ ఒక మాట. ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉంటే రిపోర్టు కోసం మొదటి మోతాదు ఆపరు, రక్తం తీసి వేసేస్తారు. రెండో సూదికి ముందు రిపోర్టు చేతిలో ఉండాలి.

మందులషాపు: నేను చెప్పిందీ అదే. అసలు మీకు ఆర్‌ఎంపీలంటేనే చులకన. మా నాన్న ఆర్‌ఎంపీ. అర్ధరాత్రి తలుపు తడితే లేచి వెళ్లేవారు. మీ డాక్టర్లలో ఎవరు వస్తారు?

కృష్ణాతీరం: మీ నాన్నగారి సేవను నేనేమీ అనలేదు. మూడో రోజు మూత్రం తగ్గితే, చెవిలో హోరు మొదలైతే, నడకలో తూలితే, సూది ఆపమని చెప్పాల్సింది ఎవరు? నేనడిగేది అంతే.

మందులషాపు: ఆ ప్రశ్న చీటీ రాసిన డాక్టరునడగండి. ఏడు సూదులు రాసి, ఒక్క పరీక్షా రాయకుండా ఇంటికి పంపింది ఆయన. రేపు తేడా వస్తే ఊళ్లో నిందపడేది మాత్రం సూది వేసిన చేతికి. మా నాన్న మీద అలాగే పడింది.

కృష్ణాతీరం: డాక్టరు రాయకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. చీటీలో లేదు కదా అని వేసేయడం మాత్రం ఒప్పుకోను. నిందపడకూడదనుకునే చేయే ముందు రిపోర్టు అడగాలి.

ఉద్దానం బిడ్డ: మా వైపు పొలం పని చేసుకుంటూ తిరిగే మనిషికి కూడా పరీక్షిస్తే క్రియాటినిన్ ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువగా, 3 దాటి ఉంటుంది. మనిషిని చూసి కిడ్నీ సంగతి చెప్పలేం.

నాగావళి: ఉదయం రక్తం ఇచ్చాం, రిపోర్టు సాయంత్రానికి వస్తుంది. నాన్న మోకాళ్ల నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మాత్ర వేసుకుంటున్నారట, ఇప్పుడే తెలిసింది.

వార్డు నర్సు: ఆ మాత్ర ఇప్పుడే ఆపించండి. డాక్టరుకు ఫోను చేసి ఈ సంగతి, ఆయన బరువు, వాడే మిగతా మందులు చెప్పండి. లాసిక్స్ (మూత్రం ఎక్కువగా పోయించే మందు) ఉంటే అది తప్పకుండా చెప్పాలి.

మందులషాపు: ఆర్‌ఎంపీ గారికి కూడా చెప్పండి.