సంస్థాగత నాయకత్వ కోర్సుల్లో పాఠాలు చెప్పేవారి పూర్వానుభవం గురించి మీ అనుభవాలు తెలియజేయగలరు

ఉమ_నర్సింగ్:

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను, ప్రస్తుతం నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. సంస్థాగత నాయకత్వంలో వారాంతపు తరగతులతో నడిచే ఒక పీజీ కోర్సులో నాకు సీటు వచ్చింది. ఫీజు కట్టే ముందు అధ్యాపకుల వివరాలు చూశాను. ఇద్దరు మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ పొందినవారు, ఒకరు సైన్యంలో కర్నల్‌గా పదవీ విరమణ చేసినవారు, ఒకరు బ్యాంకులో హెచ్‌ఆర్ విభాగాన్ని నడిపినవారు, మరొకరు విద్యాశాస్త్రం నుంచి వచ్చినవారు. ఆసుపత్రి లోపలి సంగతులు తెలిసినవారు ఒక్కరూ కనిపించలేదు. రాత్రి డ్యూటీకి ఇద్దరు సిస్టర్లు రాకపోతే 30 పడకల వార్డును ఎవరికి అప్పగించాలన్నది నాకు తరచుగా ఎదురయ్యే సమస్య. ఇటువంటివారి దగ్గర దానికి పనికొచ్చే మాట దొరుకుతుందా? చదివినవారు, పాఠాలు చెప్పినవారు దయచేసి వివరంగా రాయండి.

శ్రీనివాస్_డాలస్:

ఉమగారూ, నేను అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూనే ఆన్‌లైన్‌లో ఇదే విషయంలో డాక్టరేట్ చేశాను. ఇక్కడ ఈ కోర్సు చాలా చోట్ల బిజినెస్ స్కూల్లో కాకుండా విద్యాశాస్త్ర కళాశాలలో ఉంటుంది. అందువల్ల మాకు పాఠాలు చెప్పినవారిలో ప్రభుత్వ పాఠశాలల సూపరింటెండెంట్లుగా చేసినవారు, వైమానిక దళంలో పనిచేసినవారు, నర్సింగ్ కళాశాల డీన్‌గా ఉన్నవారు కలిసి ఉండేవారు. మొదట నాకూ మీలాగే అనుమానం కలిగింది, ఎందుకంటే నాది సాఫ్ట్‌వేర్.

ఆ అనుమానాన్ని తీర్చింది పాఠశాలల నుంచి వచ్చిన ఒక పెద్దావిడ. ఒక బడిని మూసివేయవలసి వచ్చినప్పుడు తల్లిదండ్రులకు తాను రాసిన ఉత్తరం తొలి ప్రతిని, 11 రోజుల తరువాత నిజంగా పంపిన ప్రతిని పక్కపక్కన పెట్టి, ఏ వాక్యం తీసేశానో, ఎందుకు తీసేశానో చెప్పమని ఆమె మమ్మల్ని అడిగారు. తొలి ప్రతిలో "మాకు వేరే దారి లేదు" అని ఉంది. దారులు ఉన్నాయని, వాటిలో ఒకదాన్ని తామే ఎంచుకున్నామని, ఆ సంగతిని దాచిపెట్టే వాక్యంతో ఉత్తరం మొదలుపెట్టకూడదని ఆమె చెప్పిన తరువాత, మా బృందంలో ముగ్గురిని తొలగించినప్పుడు నేను రాసిన ఈమెయిల్ గుర్తొచ్చి చాలాసేపు మాట రాలేదు.

అనుభవం ఉన్న ప్రతివారూ ఇలా ఉండరు. పెద్ద కంపెనీలో పనిచేసి వచ్చిన మరొకాయన వారం వారం తన విజయాలే చెప్పేవారు. విఫలమైన ఒక్క నిర్ణయం గురించి చెప్పమని అడిగితే, సమయం లేదని తరువాతి స్లైడుకు వెళ్లిపోయారు. మరో ముఖ్యమైన సంగతి: ఇక్కడ ఇటువంటి అధ్యాపకుల్లో చాలామంది కోర్సుకింతని జీతం తీసుకునే పార్ట్‌టైమ్ వారు. సెమిస్టర్ ముగిశాక వారు దొరకరు. మీ ప్రాజెక్టుకు మార్గదర్శనం ఎవరు చేస్తారో ముందే రాతపూర్వకంగా అడగండి.

విశ్రాంత_ఇంజనీరు:

అమ్మా ఉమా, నేను విద్యుత్ ఉత్పత్తి రంగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. 1987లో మా సంస్థ నన్ను హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియాకు పంపింది. ఇంగ్లండులోని హెన్లీ కళాశాల నమూనాలో 1956లో మొదలైన ఆ సంస్థ బెల్లావిస్టా భవనంలో ఉంది. అక్కడ సిండికేట్ అనే పద్ధతి ఉండేది. రైల్వే, బ్యాంకు, ప్రభుత్వ శాఖలు, కర్మాగారాలు, ఇలా వేర్వేరు చోట్ల నుంచి వచ్చిన అధికారులను చిన్న బృందంగా కూర్చోబెట్టి, ఒక్కో విషయానికి ఒక్కొక్కరిని అధ్యక్షులుగా చేసేవారు. అధ్యాపకుడు తక్కువ మాట్లాడి ఎక్కువ వినేవారు. నా యూనిట్‌లో జరిగిన ఒక ప్రమాదం గురించి నేను చెబుతుంటే, "మీ వాళ్లు చిన్న పొరపాట్లు మీకు చెబుతారా?" అని అడిగింది నా పక్కన కూర్చున్న రైల్వే అధికారి. అందువల్ల అధ్యాపకుల జాబితాతో పాటు మీతో చదవబోయేవారు ఎక్కడివారో కూడా కనుక్కోమ్మా.

విశాఖ_అధ్యాపకురాలు:

నేను మనస్తత్వశాస్త్రం చదివి, విశాఖపట్నంలో సంస్థాగత ప్రవర్తన బోధిస్తున్నాను కాబట్టి నా పక్షం కూడా వినమని కోరుతున్నాను. ఈ విషయానికి పునాది వేసినవారిలో చాలామంది మేనేజ్‌మెంట్ చదివినవారు కారు. కర్ట్ లెవిన్, డగ్లస్ మెక్‌గ్రెగర్, ఎడ్గార్ షైన్ మనస్తత్వశాస్త్రం నుంచి వచ్చారు. హార్వర్డ్‌లో దశాబ్దాల పాటు నాయకత్వం బోధించిన రోనాల్డ్ హైఫెట్జ్ వైద్యుడు.

మన దగ్గరి ఉదాహరణ కాకినాడదే. 1960వ దశకంలో హార్వర్డ్ మనస్తత్వశాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ ఆలోచనల ఆధారంగా, హైదరాబాదులో చిన్న పరిశ్రమలవారికి శిక్షణ ఇచ్చే సియెట్ సంస్థలో (నేటి ఎన్ఐ-ఎంఎస్ఎంఈ) కాకినాడ వ్యాపారులకు సాధనా ప్రేరణ (అచీవ్‌మెంట్ మోటివేషన్), అంటే అనుకున్నది సాధించాలన్న తపనను పెంచే శిక్షణ ఇచ్చారు. ఆ తరహా శిక్షణలో రింగులను నిలబెట్టిన కర్ర చుట్టూ పడేలా విసిరే ఆట ఒకటి ఉంటుంది. ఎంత దూరం నుంచి విసరాలో ఆడేవారే నిర్ణయించుకోవాలి. మరీ దగ్గర నిలబడినవారు, మరీ దూరం వెళ్లినవారు, కష్టమైనా అందగల దూరాన్ని ఎంచుకున్నవారు ఎవరో గదిలో అందరికీ కనిపిస్తుంది. బ్యాలెన్స్ షీటు చదవడం తెలిసిన అధ్యాపకుడికి ఇది తట్టే అవకాశం తక్కువ. సియెట్‌లో పనిచేసిన ఉదయ్ పరీక్, ఆయనతో కలిసి 1970వ దశకంలో లార్సెన్ అండ్ టూబ్రోలో హెచ్‌ఆర్‌డీ (మానవ వనరుల అభివృద్ధి) వ్యవస్థను రూపొందించిన టి.వి. రావుగారు కూడా మనస్తత్వశాస్త్రం నుంచి వచ్చినవారే.

అయితే మా లోటు కూడా చెప్పాలి. నేను ఎవరినీ ఉద్యోగం నుంచి తీసేయలేదు, సమ్మె జరుగుతున్న గేటు దాటి లోపలికి వెళ్లలేదు. 2022లో యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' మార్గదర్శకాలు తెచ్చినప్పుడు నేను సంతోషించింది అందుకే. తమ రంగంలో కనీసం 15 ఏళ్ల అనుభవం ఉన్నవారు డాక్టరేట్ లేకపోయినా, మంజూరైన పోస్టుల్లో 10 శాతానికి మించకుండా, బోధించవచ్చు. కానీ వారికి ఒక పేపరు, మాకు ఒక పేపరు అని విడగొట్టే చోట విద్యార్థికి రెండు సగాలే మిగులుతాయి. ఇద్దరూ ఒకే గదిలో కలిసి పాఠం చెబుతారా అని అడగండి. వీలైతే ఒక తరగతిలో కూర్చుని చూడండి.

ఉమ_నర్సింగ్:

అందరికీ కృతజ్ఞతలు. అడిగితే శనివారం ఒక తరగతిలో వెనక కూర్చోనిచ్చారు. కర్నల్‌గారు, మనస్తత్వశాస్త్రం మేడమ్‌గారు కలిసే చెప్పారు. కొత్తవారు కూడా తమ సమస్య చెప్పవచ్చంటే నా 30 పడకల వార్డు సంగతి చెప్పాను. కర్నల్‌గారు, "ఆ రాత్రి నిర్ణయం తీసుకునే అధికారం మీకుందా, లేక ఇంకొకరికి ఫోన్ చేయాలా?" అని అడిగారు. కాగితం మీద ఆ అధికారం నాది కాదన్న సంగతిని నేను ఎన్నడూ ఇంత స్పష్టంగా బయటికి చెప్పలేదు. మేడమ్‌గారు మాత్రం, "ఆ ఇద్దరూ రారని వార్డులో మీకంటే ముందు ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. వెంటనే సమాధానం చెప్పలేకపోయాను.

సోమవారం డ్యూటీలో మా ఆయమ్మను అడిగాను. కిందటి సారి సాయంత్రం ఆరింటికే ఆమెకు తెలుసట. ఎవరూ అడగలేదని చెప్పలేదట. ఫీజు మొదటి వాయిదా ఈ రోజు కట్టాను. ప్రాజెక్టు మార్గదర్శి ఎవరన్నది రాతపూర్వకంగా ఇమ్మని అడిగాను, ఇంకా రాలేదు. రాగానే ఇక్కడ తెలియజేస్తాను.