బ్యాలెన్స్ ఆఫ్ పవర్‌ని తెలుగులో ఏమంటారు? కాస్త సాయం చేయండి

అందరికీ నమస్కారం. నేను బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ తెలుగు మీడియంలో సివిల్స్‌కి చదువుతున్నాను. నోట్సులో ఒకచోట 'అధికార సమతుల్యత' అని, రెండు పేజీల తర్వాత 'బలాల సమతూకం' అని నేనే రాసుకున్నా, ఇప్పుడు చూస్తే రెండూ ఒకటేనా కాదా అని టెన్షన్.

నాకర్థమైనంతవరకు, ఏ ఒక్క దేశమూ మిగతావాళ్ల నెత్తినెక్కేంత బలపడకుండా చూసుకోవడం. నెపోలియన్ ఓడాక 1815లో వియన్నాలో కూర్చుని యూరప్ సరిహద్దులు సర్దుకున్నది ఇందుకే కదా. ఇంతవరకు ఓకే.

కానీ నిన్న టీ తాగుతూ రూమ్మేట్ (కన్నడబ్బాయి, రాజకీయాలంటే పిచ్చి) 2018 కర్ణాటక ఫలితాలు ఎత్తాడు. బీజేపీకి 104, కాంగ్రెస్‌కి 78, జేడీఎస్‌కి 37 సీట్లు, ఎవరికీ సొంతంగా మెజారిటీ లేదు, మరి బ్యాలెన్స్ ఆఫ్ పవర్ జేడీఎస్ చేతిలో ఉన్నట్టే కదా అంటాడు. అక్కడ సమతుల్యత ఏముందండీ, తక్కువ సీట్లున్నవాళ్లే ముఖ్యమంత్రి పదవి పట్టుకెళ్లారు! అది 'కీలకపాత్ర' అనాలేమో.

ఈ రెండో అర్థానికి తెలుగులో వేరే మాట ఉందా? జవాబు పత్రంలో మీరైతే ఏం రాస్తారు?