లూకన్ కావ్యంలో ఎన్యో: ఛందస్సు కోసమా, భావం కోసమా?

చర్చకు పెట్టినవారు:
రోమన్ చక్రవర్తి నీరో కాలపు కవి లూకన్, సీజర్, పాంపేల అంతర్యుద్ధాన్ని వర్ణించిన కావ్యపు మొదటి సర్గలోనే ఇద్దరు యుద్ధదేవతలను పేర్కొన్నాడు. ఒకరు రోమన్ దేవత బెలోనా, క్రీ.పూ. 296లో రోమన్ నాయకుడు అప్పియస్ క్లాడియస్ మొక్కుకున్న గుడి రోమ్‌లో ఉన్న దేవత. పూనకంతో చేతులు కోసుకొనే ఆమె భక్తులు నగరంలో అపశకునాలు పలుకుతారు. రెండవది హోమర్ ఇలియడ్ నుండి వచ్చిన ఎన్యో. సర్గ చివర అపోలో ఆవేశించిన ఒక రోమన్ గృహిణి వీధుల వెంట పరుగెత్తుతూ, విషాదమూర్తి అయిన ఎన్యో యుద్ధాన్ని లిబియా ఇసుకలకు తరలించడాన్ని చూస్తుంది. రోమ్ కొలిచే దేవతకు ఈ అంతర్యుద్ధపు పాపం అంటకూడదనే కవి ఇక్కడ గ్రీకు దేవతను రప్పించాడని నా అభిప్రాయం.

ప్రతివాదం:
నేను అంగీకరించను. లూకన్ వాడిన లాటిన్ హెక్సామీటర్‌లో, అంటే పాదానికి ఆరు గణాలుండే ఛందస్సులో, పాదాంతాన సాధారణంగా భగణం, దాని తరువాత రెండు గురువులు రావాలి. ఎన్యో పేరు లాటిన్‌లో ఎ-న్యూ-ఓ అని మూడక్షరాలు, మన లెక్కలో యగణం (లఘువు, రెండు గురువులు) కాబట్టి ‘ట్రిస్టిస్ ఎన్యో’ (విషాదమూర్తి ఎన్యో) అని అక్కడ చక్కగా ఒదుగుతుంది. మొదటి రెండు అక్షరాలూ గురువులైన బెలోనా ఒదగదు. పైగా ఏడవ సర్గలో, పాంపే ఓడిపోయిన ఫార్సాలస్ రణభూమిలో తిరిగే సీజర్‌ను, నెత్తుటి కొరడా ఝుళిపించే బెలోనాతోనే లూకన్ పోల్చాడు. ఆ కొరడా అంతకు ముందటి రోమన్ కవి వర్జిల్ చేసిన ఆక్టియమ్ యుద్ధవర్ణనలో బెలోనా చేతిలో ఉన్నదే. రోమన్ దేవతను కాపాడదలచిన కవి ఆమెను అక్కడికి ఎందుకు తెస్తాడు?

మరొక సభ్యురాలు:
పాదాంతంలో ఏ మాట ఒదుగుతుందో ఛందస్సు చెబుతుంది కానీ, ఆ దేవతను పాదాంతంలోనే నిలపాలని నిర్ణయించేది కవి. బెలోనాను పాదమధ్యంలో ఉంచడం లూకన్‌కు తెలుసునని మీరు చూపిన ఉదాహరణే చెబుతున్నది. అయితే పాపం అంటకూడదన్న వాదన కూడా నిలవదు. గృహిణి పలుకులలో ఎన్యోకు ముందే గ్రీకు సీమ వైపున్న పాంగయమ్ మంచుకొండలు, హేమస్ పర్వతం, ఫిలిప్పీ కనిపిస్తాయి; ఆమెను ఆవేశించినవాడూ గ్రీకు దేవుడే. లిబియాకు తరలినవి కూడా ఎమాథియా, అంటే ఫార్సాలస్ వైపు సేనలే. ఆ దర్శనంలో ఎన్యో రావడం సహజం. రోమ్ వీధుల్లో తిరిగే భక్తుల వెనుక బెలోనా ఉండడమూ అంతే సహజం. గ్రీకు చోట ఎన్యో, రోమ్‌లో బెలోనా అనే ఈ సూత్రాన్ని లూకన్ తరువాతి రోమన్ కవి స్టేషియస్‌కు మాత్రం వర్తింపజేయకండి. ఆయన థీబ్స్ కావ్యంలో లెమ్నోస్ ద్వీపపు స్త్రీలు తమ మగవారిని చంపుతామన్న ప్రమాణానికి ఎన్యోను సాక్షిగా పిలుస్తారు, యుద్ధదేవుడు మార్స్ రథాన్ని బెలోనా తోలుతుంది. రెండూ గ్రీకు కథలోనే.